నీళ్ల పొయ్యి ఎవరి లెక్కలో ఉంది?

(కర్నూలు, కడప జిల్లాల మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పొయ్యి గురించి మాట్లాడదలచుకున్నాను. అయితే వంట పొయ్యి గురించి కాదు. పొగలేని పొయ్యిలు, దీపం పథకం, గ్యాస్ కనెక్షన్లు, సిలిండరు ధర - వీటి గురించి మన సంఘాల్లో ఏళ్ల తరబడి మాట్లాడుకుంటూనే ఉన్నాం. నేను చెప్పబోయేది ఇంటి వెనకాలో, బచ్చలి పక్కనో మూడు రాళ్ల మీద కాగు పెట్టి ఉండే రెండో పొయ్యి గురించి. అంటే నీళ్ల పొయ్యి. కొంచెం కలిగిన ఇళ్లలో కాగు బదులు రాగి బాయిలరు ఉంటుంది. లేనివాళ్ల ఇళ్లలో మసిపట్టిన అల్యూమినియం బానో, డబ్బానో ఉంటుంది. పాత్ర ఏదైనా పని ఒకటే: ఇంట్లో అందరూ పోసుకోవడానికి నీళ్లు కాగాలి.

వంటింట్లోకి గ్యాస్ వచ్చిన చాలా ఇళ్లలో కూడా ఈ పొయ్యి ఆరలేదు. కాబట్టి కట్టెల మోపు కూడా ఆడవాళ్ల తల మీద నుంచి దిగలేదు. ఇది ఎందుకు జరిగింది, మన లెక్కల్లోకి ఎందుకు రాలేదు, మనం ఏం చేయాలి - ఈ మూడు విషయాలు మీ ముందు పెడతాను.

ముందుగా ఒక పోలిక. చలిదేశాల్లో కట్టెల బాయిలరు అంటే ఇల్లంతా వెచ్చగా ఉంచే యంత్రం. ఒక మూల నిప్పు మండుతుంది, కాగిన నీళ్లు గొట్టాల గుండా గదులన్నిటికీ వెళతాయి. ఐరోపా సంఘం 2020 జనవరి నుంచి ఇలాంటి బాయిలర్ల సామర్థ్యం ఇంత కంటే తగ్గకూడదు, పొగ ఇంత కంటే మించకూడదు అని ప్రమాణాలు పెట్టింది. ఇంగ్లండులో చిన్న మొత్తాల్లో అమ్మే పొయ్యి కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదని 2021 మే నుంచి నియమం అమల్లోకి వచ్చింది. అంటే అక్కడ కట్టె ఒక సరుకు, బాయిలరు ఒక యంత్రం, రెండింటికీ ప్రభుత్వం దగ్గర ఒక లెక్క ఉంది. మన దగ్గర కట్టె 'ఊరికే' వస్తుంది. నీళ్లు 'వాటంతట అవే' కాగుతాయి. ఈ 'ఊరికే' అనే మాట వెనక ఒక ఆడమనిషి నడక, కొడవలి, ముళ్లు గీరిన చేతులు ఉన్నాయి. వాటికి ఎక్కడా పద్దు లేదు.

ఎండలు మండే సీమలో ఉడుకునీళ్లు ఎందుకని బయటివాళ్లు అడగవచ్చు. మనకు తెలుసు. కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకోవడం ముసలివాళ్లకు, పసిపిల్లలకు కష్టం. బాలింతకు నెలల తరబడి ఉడుకునీళ్లు పోయాలి. పొలంలోనో రాతి గనిలోనో రోజంతా పనిచేసి ఒళ్లు నొప్పులతో వచ్చిన మనిషికి అదే మందు. కాబట్టి ఇది విలాసం కాదు, ఇంటికి కావలసిన అవసరమే. అవసరం అందరిదీ అయినప్పుడు దాని శ్రమ ఒక్కరిదే ఎందుకు కావాలన్నది మన ప్రశ్న.

ఆ శ్రమ ఎంతో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక బకెట్టు అంటే 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తీసుకురావడానికి దాదాపు 1,700 కిలోజౌళ్ల వేడి కావాలి. బాగా ఎండిన కట్టె కిలో మండితే సుమారు 15,000 కిలోజౌళ్లు వస్తుంది. ఈ లెక్కన బకెట్టుకు నూటపాతిక గ్రాముల లోపు కట్టె సరిపోవాలి. కానీ మూడు రాళ్ల పొయ్యి మీద మంట వేడిలో నూటికి పది పదిహేను వంతులే నీళ్లకు అందుతుంది, మిగతాది గాలికి పోతుంది. కాబట్టి బకెట్టుకు కిలో దాకా కట్టె పడుతుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు ఐదు కిలోలు, వారానికి 35 కిలోలు. తలమోపు ఇరవై పాతిక కిలోలు అనుకుంటే, ఒక్క స్నానాలకే వారానికి ఒకటిన్నర మోపు. కట్టె పచ్చిదైతే ఇంకా ఎక్కువ పడుతుంది, పొగ కూడా ఎక్కువ.

రాగి బాయిలరులో నిప్పు మధ్య గొట్టంలో మండుతుంది, నీళ్లు దాని చుట్టూ ఉంటాయి. కాబట్టి వేడి వృథా తక్కువ. అదే నీళ్లకు సగం కట్టెతో పని అయిపోతుంది. పైన చన్నీళ్లు పోస్తే పక్క కొళాయి నుంచి వేడినీళ్లు వస్తాయి, మరిగే కాగును గుడ్డతో పట్టుకుని దించే పని ఉండదు. అంటే కట్టె తక్కువ పట్టే సాధనం కలిగినవాళ్ల ఇంట్లో ఉంది, ఎక్కువ పట్టే పొయ్యి కట్టె కోసం దూరం నడిచే ఇంట్లో ఉంది. కరువొచ్చినప్పుడు ముందుగా తూకానికి పోయేవి కూడా రాగి, ఇత్తడి సామాన్లేనని మన పెద్దవాళ్లకు తెలుసు.

ఇక ఇంట్లో స్నానాల వరస చూడండి. మొదట మగవాళ్లు, తర్వాత అత్తమామలు, బడికి పోయే పిల్లలు, చుట్టాలుంటే వాళ్లు. నీళ్లు కాచిన మనిషి చివర. అప్పటికి కాగులో మిగిలినవి పావు బకెట్టు గోరువెచ్చని నీళ్లు. మళ్లీ కాచుకుందామంటే కట్టె అయిపోతుందన్న భయం, పనికి పొద్దుపోతుందన్న తొందర. పితృస్వామ్యం గురించి మనం పెద్ద పెద్ద మాటలు చాలా చెప్పుకుంటాం. అది బచ్చలి దగ్గర రోజూ పొద్దున్నే ఇంత మామూలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్కల సంగతికి వద్దాం. జనగణనలో గానీ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గానీ ఇంధనం గురించి మనం ఉదహరించే అంకెలు ఒక ప్రశ్న నుంచి వస్తాయి: వంటకు ముఖ్యంగా ఏ ఇంధనం వాడతారు? 2011 జనగణనలో దేశం మొత్తం మీద సగం దాకా ఇళ్లు కట్టెలని చెప్పాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 80కి పైగా ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నట్టు తేలింది. ఇది నిజమైన మార్పు, మనం తక్కువ చేసి చూడకూడదు. కానీ ఆ ప్రశ్నలో 'వంటకు' అనే మాట ఉంది, 'ముఖ్యంగా' అనే మాట కూడా ఉంది. గ్యాస్ మీద అన్నం వండి, కంప మీద నీళ్లు కాచే ఇల్లు ఆ లెక్కలో గ్యాస్ ఇల్లే అవుతుంది. మన ప్రభుత్వ భాషలో కట్టెకు పేరే 'వంటచెరకు'. పేరులోనే నీళ్ల పొయ్యి తప్పిపోయింది.

కట్టె తెచ్చే శ్రమ సంగతి ఇంకా విచిత్రం. దేశాల జాతీయ ఆదాయం లెక్కకట్టడానికి ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పద్ధతి ప్రకారం సొంత వాడకానికి కట్టె ఏరుకురావడం ఉత్పత్తి. కానీ మన శ్రామిక శక్తి సర్వేల్లో, ఇంటిపని చేస్తూ కూరాకు, కట్టె, పశువుల మేత ఉచితంగా సేకరించే స్త్రీకి 93 అనే కోడ్ వేస్తారు. 93 వేస్తే ఆమె శ్రామిక శక్తి బయట ఉన్నట్టు. అంటే ఆమె తెచ్చిన మోపు ఉత్పత్తి, ఆమె మాత్రం పని చెయ్యని మనిషి. 2024 సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసినవాళ్లను మాత్రమే తీసుకుంటే, స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు జీతంలేని ఇంటిపని మీద గడిపినట్టు వచ్చింది. ఈ 289 నిమిషాల్లో కట్టె తేవడం కలవలేదు, అది సొంత వాడకపు ఉత్పత్తి అనే వేరే పద్దులో ఉంటుంది. మనం కరపత్రాల్లో ఈ అంకెను వాడినప్పుడు కట్టె మోపు దానికి అదనం అని ఒక వాక్యం చేర్చాలి.

ఇలా లెక్కించడం సాధ్యం కాదా? సాధ్యమే. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అమూల్య రెడ్డి మొదలుపెట్టిన 'అస్త్ర' బృందం మనకు పొరుగునే ఉన్న తుమకూరు జిల్లా పల్లెల్లో ఇంధనం లెక్కలు తీసింది. వాళ్లు స్నానాల నీళ్లను వంట నుంచి విడదీసి రాశారు, కట్టె ఏరడానికి పట్టే మనిషి శ్రమను కూడా శక్తిగా లెక్కించారు. వంట పొయ్యితో పాటు నీళ్లు కాచుకునే పొయ్యిని కూడా తయారు చేశారు. అడిగితే జవాబు వస్తుంది. అడగకపోవడమే అసలు సమస్య.

ఈ కట్టె ఎక్కడి నుంచి వస్తోంది? కర్నూలు, కడపల్లో ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. ఊరి దగ్గర పెద్ద చెట్లు తక్కువ. కంది కట్టె, పత్తి కట్టె, మిరప కట్టె పొలం ఉన్నవాళ్లవి. పొలం లేని కూలీ స్త్రీలు పత్తి కట్టె పీకి చేను శుభ్రం చేసి, ఆ కట్టెనే కూలి కింద తెచ్చుకుంటారు. రైతుకు చేను శుభ్రమైంది, డబ్బు ఖర్చు లేదు. ఆమెకు కట్టె వచ్చింది, కూలి లేదు. గట్టు మీద పుల్ల విరవాలన్నా ఆసామి అనుమతి కావాలి. దళిత స్త్రీలకు ఆ అనుమతి వెంట ఎన్ని మాటలు పడాల్సి వస్తుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు.

పొలం లేనివాళ్లకు ఎక్కువగా దొరికేది సర్కారు కంప. దీని చరిత్ర మన జిల్లాదే. మద్రాసు రాష్ట్ర అటవీ అధికారులు 1870లలో, ఎండిన నేలల్లో నాటడానికని, ఈ చెట్టు విత్తనాలు తెప్పించారు. మన దేశంలో దీన్ని తొలిసారి నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. ఈ రోజు అది చెరువుల్లో, వంకల్లో, బంజర్లలో అంతటా అల్లుకుపోయింది. గడ్డిని పెరగనివ్వదని, పశువుల మేత తగ్గిందని రైతులు తిడతారు, అందులో న్యాయం ఉంది. కానీ ముల్లు దిగి చీము పట్టినా సరే, కట్టెకు ఆధారం అదే అయిన ఆడవాళ్లు ఉన్నారు. కంప బాగా మండుతుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది.

అయితే ఈ కంపకు కూడా ధర వచ్చింది. 2000 తర్వాత కంపను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు రాష్ట్రంలో వచ్చాయి. బొగ్గు బట్టీలు ముందు నుంచీ ఉన్నాయి. చెరువులో కంపను వేలం వేస్తే, పాడుకునేది డబ్బున్న మగవాడు. వేలం అయిన మరుసటి రోజు నుంచి అదే చెరువులో పుల్ల విరిచే ఆడమనిషి దొంగ అవుతుంది. ఉమ్మడి వనరుకు ధర పలికినప్పుడల్లా దాని మీద ఆడవాళ్లకున్న వాడుక హక్కు పోవడం మనం ఎన్నో విషయాల్లో చూశాం.

అడవి పక్క ఊళ్లలో మరో రకం కష్టం. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం - ఇవన్నీ రిజర్వు అడవులో, అభయారణ్యాలో. కడప వైపు ఎర్రచందనం వల్ల నిఘా ఎక్కువ. నిఘా పెరిగిన చోట ఎండుపుల్లల కోసం వెళ్లే ఆడవాళ్లకు కూడా అడవి దూరమవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో పొదకంపను, మొద్దులను కూడా చేర్చిందని మనవాళ్లలో చాలామందికి చేరలేదు. ఈ హక్కు అడవిపై ఆధారపడిన గిరిజనులకు, మూడు తరాలుగా అక్కడే ఉన్న ఇతరులకు వర్తిస్తుంది. గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలు ఉండాలని 2012 సవరణ నియమాలు చెబుతున్నాయి. నల్లమల చెంచు గూడేల్లో పనిచేసే కార్యకర్తలు దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

పథకాల సంగతి. 1983 ప్రాంతంలో మొదలై 2002లో ఆగిపోయిన జాతీయ పొయ్యిల కార్యక్రమం వంట పొయ్యి చుట్టూనే తిరిగింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల పేద స్త్రీలకు గ్యాస్ కనెక్షను డిపాజిట్టు కట్టింది. 2016 మేలో కేంద్రం ఉజ్వల తెచ్చింది. ఉజ్వల మీద కాగ్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం లబ్ధిదారులు ఏడాదికి సగటున తిరిగి నింపించుకున్న సిలిండర్లు 3.21 మాత్రమే. 2024 నవంబరులో మన రాష్ట్రంలో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇది మేలే. కానీ ఇందాకటి లెక్కనే ఇక్కడ వేసి చూడండి. ఒక 14.2 కిలోల సిలిండరు ఐదుగురి స్నానాలకు వాడితే నెలన్నర వస్తుంది. మూడు సిలిండర్లూ స్నానాలకే పెట్టినా నాలుగున్నర నెలలు. వంటకే చాలని గ్యాసును నీళ్లకు ఏ ఇల్లాలు వెలిగిస్తుంది? ఆమె కట్టె మానకపోవడం అజ్ఞానం కాదు. తన చేతిలో ఉన్న డబ్బుతో ఆమె వేసుకున్న సరైన లెక్క అది.

బీనా అగర్వాల్ 1986లో ప్రచురించిన పుస్తకంలో ఇదే విషయం మరో వైపు నుంచి చెప్పారు. వంటచెరకు కొరతను చెట్ల కొరతగా మాత్రమే చూడకూడదనీ, భూమి ఎవరిది, ఇంట్లో డబ్బు మీద మాట ఎవరిది అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయనీ ఆమె వాదన. మెరుగైన పొయ్యి వల్ల మిగిలేది ఆడమనిషి సమయం. దానికి పెట్టాల్సింది మగమనిషి చేతిలోని డబ్బు. ఆ సమయానికి ఇంట్లో విలువ లేనంతకాలం ఆ ఖర్చు 'దండగ'గానే కనిపిస్తుంది.

ఆరోగ్యం గురించి ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో కల్పనా బాలకృష్ణన్ బృందం చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, గాలిలోని సన్నని ధూళి రోజు సగటు గ్యాస్ ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె, పిడకల ఇళ్లలో 732 దాకా వెళ్లింది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నీళ్ల పొయ్యి చాలా చోట్ల ఆరుబయట ఉంటుంది కాబట్టి దాని పొగ గవాచి తప్ప దారిలేని మిద్దె ఇంట్లో పొగంత ప్రమాదం కాదు. అతిశయోక్తి చెప్పవద్దు. కానీ ఊదేటప్పుడు ముఖం ఆ పొగలోనే ఉంటుంది. వానాకాలంలో ఆ పొయ్యి వసారాలోకి, బచ్చలిలోకి వస్తుంది. దానికి మెడ నొప్పి, నడుం నొప్పి, చీరకు నిప్పంటుకునే ప్రమాదం కలపండి.

ఇంకో విషయం కూడా ఆలోచించాలి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిచేయడం మొదలుపెట్టింది. మన ఎండతో తయారైన కరెంటు గ్రిడ్డులోకి వెళుతుంది. అదే ఎండలో మన ఆడవాళ్లు కంప కొడుతున్నారు. ఎండతో నీళ్లు వేడి చేయడం అన్నిటికన్నా తేలికైన విద్య, అది మేడల మీద కనిపిస్తోంది, కూలీల కాలనీల్లో కనిపించదు. ఊరి భూములు ఇలాంటి పనులకు తీసుకున్నప్పుడు అక్కడ మేత, కట్టె తెచ్చుకునే ఆడవాళ్లు ఎవరు, వాళ్లకు బదులు ఏమిటి అని అడిగే బాధ్యత మన సంఘాలది.

మరి ఏం చేద్దాం? నాకు తోచినవి చెబుతాను. మీరు చర్చించి మార్చండి.

ఒకటి. మన సంఘాలు చేసే ప్రతి సర్వేలో వంటకు ఒక ప్రశ్న, స్నానాల నీళ్లకు వేరే ప్రశ్న పెడదాం. కట్టె ఎవరు తెస్తారు, ఎంత దూరం నుంచి, వారానికి ఎన్ని మోపులు, నీళ్లు ఎవరు కాస్తారు, చివర ఎవరు పోసుకుంటారు అని అడుగుదాం.

రెండు. చెరువు కంపను, బంజరు కంపను వేలం వేసే ముందు కొంత భాగం భూమిలేని ఇళ్ల స్త్రీల వాడకానికి వదలాలని గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. కంపను తీసేసి గడ్డి, పండ్ల చెట్లు పెంచాలన్నా సరే, అవి ఎదిగేదాకా కట్టె ఎక్కడి నుంచి వస్తుందో ముందు తేల్చమందాం.

మూడు. పొదుపు సంఘాల అప్పు గేదెకు, కుట్టుమిషనుకు ఇస్తారు. బాయిలరుకు, సోలార్ హీటరుకు కూడా ఇమ్మందాం. ఒక్కో ఇంటికి కుదరకపోతే ఐదారు ఇళ్లకు కలిపి. ప్రభుత్వ వసతిగృహాల్లో, ప్రసూతి వార్డుల్లో, పేదల ఇళ్ల కాలనీల్లో ఎండతో కాగే నీళ్లు ఉండాలని అడుగుదాం. బాలింతకు ఉడుకునీళ్లు ఒక ఆరోగ్య సేవగా అడగవలసిన విషయం.

నాలుగు. ఇంట్లో అడుగుదాం. వంటలో చెయ్యి పెట్టడానికి నామోషీ పడే మగవాడు కూడా గొడ్డలి పట్టడానికి నామోషీ పడడు. కట్టె కొట్టి, ఎండబెట్టి, నీడన పేర్చి పెట్టడం, పొద్దున లేచి కాగు కింద నిప్పు వెయ్యడం మగవాళ్లు చేయలేని పనులు కావు. చలిదేశాల్లో చాలా ఇళ్లలో కట్టెలు కొట్టి పేర్చేది మగవాళ్లే. నేర్పరితనం కావలసింది లేదు, ఒప్పుకోవడమే కావాలి.

పొయ్యి చిన్న విషయమని ఎవరైనా అంటే, వారానికి ఒకటిన్నర మోపు, ఏడాదికి దాదాపు 80 మోపులు అని లెక్క చెప్పండి. అది ఒక్క ఇంట్లో ఒక్క ఆడమనిషి ఒక్క స్నానాల కోసం మోసే బరువు. ఈ లెక్క మీ ఊళ్లలో సరిచూడండి. మీ దగ్గర అంకె వేరుగా వస్తే దాన్నే రాసి తెండి. వచ్చే సమావేశంలో ఆ అంకెలతోనే మాట్లాడుకుందాం.